బయానా ఇచ్చాక ఓనర్ తొందర పెడుతుంటే ఇల్లు కొనాలా, వదిలేయాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. హనుమకొండ దగ్గర భీమారంలో 68 లక్షలకు ఇల్లు మాట్లాడుకున్నారు. 2 లక్షలు బయానా నగదుగా ఇచ్చి తెల్లకాగితం మీద రాయించుకున్నారు. ఇప్పుడు ఓనర్ పది రోజుల్లో ఇంకో 10 లక్షలు కావాలంటున్నాడు, లేదంటే వేరే పార్టీకి ఇచ్చేస్తాడట. లోన్ ఇంకా సాంక్షన్ కాలేదు. మూఢం వచ్చేలోపు రిజిస్ట్రేషన్ అయిపోవాలని మీ అత్తగారి పట్టు.

ఇల్లు కొనాలా వద్దా అన్న సంగతి పక్కన పెట్టండి, అది పది రోజుల్లో తేలేది కాదు. ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఆ 10 లక్షల సంగతే. అగ్రిమెంట్ లేకుండా, కాగితాలు వకీలుకు చూపించకుండా ఇవ్వకండి. ఇచ్చిన 2 లక్షలు పోతాయేమోనన్న భయంతోనే చాలామంది ఇంకో 10 ఇస్తారు. ఆ 2 లక్షలు ఇప్పటికే మీ ఖాతాలో లేవు అనుకుని ఆలోచిస్తే బుర్ర కాస్త తేలికపడుతుంది.

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మా బాపు సింగరేణిలో పనిచేసి గోదావరిఖనిలో రిటైర్ అయ్యాడు. రిటైర్మెంట్ పైసలు వచ్చాయని చుట్టాలందరికీ మాకంటే ముందే తెలిసినట్టుంది, ఆ వారం నుంచి ఇల్లు చూపించేవాళ్లే. సుబేదారి దగ్గర ఒక పాత డాబా ఇల్లు బాపుకు బాగా నచ్చింది. అమ్మేది ఇద్దరు అన్నదమ్ములు. వాళ్లలో చిన్నవాడి బిడ్డ పెళ్లి దగ్గర పడింది, వాళ్లకు పైసల అవసరం నిజమే. మీడియేటర్ మా ఊరి వాడే. రోజూ పొద్దున్నే ఫోన్: "అన్నా, ఇయ్యాల తేల్చుడు, హైదరాబాద్ పార్టీ కార్ల బయల్దేరింది." ఆ పార్టీ ఎన్ని రోజులైనా జనగామ దాటినట్టు లేదు. మేనమామ ఒకవైపు, "పెద్దమనుషుల ముందు మాటిచ్చినం" అని అమ్మ ఇంకోవైపు.

అన్నదమ్ములు ఈసీ (ఆ ఇంటి మీద రిజిస్టర్ అయిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్) తీసి చూపించారు, క్లీన్‌గా ఉంది. ఇంటి పన్ను రసీదు పెద్దాయన పేరు మీద ఉంది. ఇంకేం కావాలి అన్నారు. మేం లింక్ డాక్యుమెంట్, అంటే ఆ ఇల్లు ముందు కొన్నప్పటి పాత దస్తావేజు అడిగాం. అందులో కొన్నది వాళ్ల నాన్న. ఆయన వీలునామా రాయకుండా చనిపోయాడు. అప్పుడు ఫ్యామిలీ మెంబర్స్ సర్టిఫికెట్ అడిగితే, వాళ్లకు ముగ్గురు అక్కచెల్లెళ్లు ఉన్న సంగతి బయటికొచ్చింది. "ఆడపిల్లలకు కట్నాలిచ్చినం, వాళ్లకేం సంబంధం?" అన్నాడు పెద్దాయన. కోపంతో కాదు, నిజంగానే అలా నమ్ముతున్నాడు.

చట్టం అలా లేదు. హిందూ కుటుంబంలో తండ్రి సొంత సంపాదనతో కొన్నదైనా, వీలునామా లేకుండా పోతే ఆ ఆస్తిలో భార్య, కొడుకులు, కూతుళ్లు అందరికీ సమాన వాటా. పిత్రార్జితంలో కూడా మన ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబర్ 5 నుంచే, అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. దేశమంతటికీ వచ్చింది 2005లో. కాబట్టి అక్కచెల్లెళ్లు సేల్ డీడ్‌లో అమ్మేవాళ్లుగా సంతకం పెట్టాలి, లేదా తమ వాటా వదులుకుంటున్నట్టు ముందే రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ రాసివ్వాలి. ఇలాంటి లోటు ఈసీలో కనిపించదు. అక్కడ కనిపించేది రిజిస్టర్ అయిన లావాదేవీలే. రాయని వాటాలు, సాదా కాగితం ఒప్పందాలు అందులో ఉండవు. పన్ను రసీదు ఎవరి పేరు మీద ఉన్నా అది హక్కు పత్రం కాదు.

ఇద్దరు చెల్లెళ్లు సంతకానికి ఒప్పుకున్నారు. భీవండిలో ఉండే పెద్దక్క తన వాటా లెక్క తేల్చమంది, న్యాయంగానే. మేం బయానా కాగితంలో ఒక లైను రాయించుకున్నాం కాబట్టి బయటపడ్డాం: హక్కుదారులందరి సంతకాలు రాకపోతే బయానా తిరిగివ్వాలి అని. పైసలు తిరిగి రావడానికి చాలా తిరగాల్సి వచ్చింది, మీడియేటర్ ఊళ్లో మా మీద ఏవేవో చెప్పాడు, కానీ వచ్చాయి. తర్వాత ఆ ఇల్లు వేరేవాళ్లు కొన్నారు. వాళ్లకు ఏ ఇబ్బందీ వచ్చినట్టు నేను వినలేదు, అక్క సంతకం పెట్టే ఉండొచ్చు. మేం తర్వాత హసన్‌పర్తి వైపు చిన్న ఇల్లు కొన్నాం. సుబేదారి ఇంటి ముందున్న వేపచెట్టు గురించి బాపు ఇప్పటికీ తలుచుకుంటాడు.

ఇక మీ లెక్కకు వద్దాం. 30 నుంచి 75 లక్షల మధ్య లోన్‌కు ఆర్‌బీఐ నిబంధన ప్రకారం బ్యాంకు ఇచ్చేది ఇంటి విలువలో 80 శాతం దాకానే. 68 లక్షలకు అది 54.4 లక్షలు, అదీ బ్యాంకు వాల్యుయర్ కూడా 68 అంటేనే. మిగతా 13.6 లక్షలు మీ చేతి నుంచి. రిజిస్ట్రేషన్ ఖర్చు స్టాంప్ డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, ఫీజు అన్నీ కలిపి 7.5 శాతం, అంటే 5.1 లక్షలు, ఇది లోన్‌లో రాదు. ఇవి కాక మీడియేటర్ కమీషన్. ఇచ్చిన 2 లక్షలు పోను, ఇంకో 17 లక్షల దాకా ఇప్పుడు మీ దగ్గర ఉందా? ఈ ప్రశ్నకు మీరూ మీ ఆయనా కూర్చుని జవాబు చెప్పుకోండి, అత్తగారి ముందు కాదు.

ఓనర్ ఎలాగూ "కాగితం మీద 45 చూపిద్దాం, మీకే లాభం" అంటాడు. రిజిస్ట్రేషన్‌లో మిగిలేది లక్షా డెబ్బై వేల చిల్లర. కానీ 45లో 80 శాతం అంటే లోన్ 36 లక్షలకు పడిపోతుంది, మీరు 32 లక్షలు చేతి నుంచి పెట్టాలి. పైగా అది తప్పుడు లెక్క, రేపు మీరు అమ్మేటప్పుడు లాభం మీద పన్ను మీ మెడకే చుట్టుకుంటుంది. నగదు కూడా ఇక వద్దు. ఇల్లు, స్థలం అమ్మకంలో 20,000 అంతకు మించి నగదు అడ్వాన్స్ తీసుకుంటే ఆదాయపు పన్ను చట్టంలో తీసుకున్నవాళ్లకే పెనాల్టీ ఉంది, ఆ సంగతి ఓనర్‌కు మర్యాదగానే చెప్పొచ్చు. ధర 50 లక్షలు దాటింది కాబట్టి 1 శాతం, అంటే 68 వేలు, టీడీఎస్ (ఓనర్‌కు ఇచ్చే పైసల్లోంచి ముందే కోసే ఆదాయపు పన్ను) మీరే పట్టుకుని అతని పాన్ మీద కట్టాలి.

ఓనర్‌తో ఇలా మాట్లాడండి: "మాకు ఇల్లు కావాలి. స్టాంప్ పేపర్ మీద అగ్రిమెంట్ రాసుకుందాం. లింక్ డాక్యుమెంట్లు, మున్సిపల్ పర్మిషన్ ప్లాన్ జిరాక్సులు ఇయ్యండి. బ్యాంకు లీగల్ ఒపీనియన్ వచ్చిన రోజే 10 లక్షలు చెక్కు ఇస్తాం." లోన్ రాకపోయినా, హక్కులో లోపం తేలినా బయానా తిరిగివ్వాలన్న షరతు, రిజిస్ట్రేషన్‌కు గడువు తేదీ అందులో ఉండాలి. జిరాక్సులు ఇవ్వడానికే వెనకాడితే నేనైతే ఆ 2 లక్షల కోసం పెద్దమనుషుల్లో పెట్టి, ఇల్లు వదిలేసేవాణ్ని. అవసరంలో ఉన్న మంచి ఓనర్ కూడా తొందర పెడతాడు, కానీ కాగితాలు దాచడు.

ఈసీ రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్‌లో 1983 నుంచి మీరే చూసుకోవచ్చు. అంతకు ముందుది కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అడగాలి. అదే వెబ్‌సైట్‌లో సర్వే నంబర్ 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో ఉందేమో కూడా చూడండి. ఆ వీధిలో అద్దెకు ఉండేవాళ్లను 2023 జూలైలో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో అడగండి. సొంతింటి వాళ్లు చెప్పకపోవచ్చు. 2020లోనూ, 2023లోనూ నయీంనగర్, హంటర్ రోడ్డు వైపు ఏమైందో మీకు తెలిసిందే. భీమారంలో వీధి వీధికీ పల్లం తేడా ఉంటుంది.

మూఢం విషయంలో అత్తగారిని మీరు ఒప్పించలేరు, ఆ పని అయ్యగారికే వదిలేయండి. మా అయ్యగారైతే మూఢంలో గృహప్రవేశం వద్దన్నాడు గానీ, రిజిస్ట్రేషన్‌కు అభ్యంతరం చెప్పలేదు. మీవాళ్లు ఒప్పుకోకపోతే ఇప్పుడు మంచిరోజు చూసి అగ్రిమెంట్ చేసుకోండి, రిజిస్ట్రేషన్ మూఢం పోయాక పెట్టుకోవచ్చు. అగ్రిమెంట్‌లో గడువు దాన్ని బట్టే రాయించండి. మీడియేటర్‌కు కమీషన్ మాత్రం రిజిస్ట్రేషన్ అయిన రోజే ఇవ్వండి, ముందు సగం అడిగినా సరే.