ఓడిపోయిన ఎలక్షన్ పేరా ఎక్కడ తమ్ముడూ?

తమ్ముడూ,

అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిచిన అరుణా మిల్లర్ మీద నువ్వు పంపిన డ్రాఫ్ట్ రెండుసార్లు చదివాను, ఒకసారి బస్సులో ఫోన్లో, ఇంకోసారి ఇంటికొచ్చాక ప్రింట్ తీసి ఎర్ర పెన్ను పట్టుకుని. బాగా రాస్తావ్, అందులో డౌట్ లేదు, నీ వయసులో నాకు ఇంత ఫ్లో లేదు. కానీ అంత పొడుగు వ్యాసంలో ఆవిడ ఎక్కడా ఓడిపోలేదయ్యా. హైదరాబాద్‌లో పుట్టారు, అమెరికా వెళ్లారు, ఇంజినీరింగ్ చదివారు, గెలిచారు, మళ్లీ గెలిచారు, గీత మీద ప్రమాణం చేశారు, అయిపోయింది. మరి 2018 ఏమైంది? 2010లో డెలిగేట్‌గా, అంటే అక్కడి అసెంబ్లీ సభ్యురాలిగా, గెలిచిన దగ్గర్నుంచి "అనంతరం" అని ఒక్క మాట వేసి ఒకే గెంతులో 2022లో తేలావ్. ఆ "అనంతరం" కిందే దాక్కుంది అసలు కథ.

2018లో ఆవిడ తన డెలిగేట్ సీటు వదులుకుని కాంగ్రెస్‌కి, అంటే అమెరికా పార్లమెంటుకి దిగారు, మేరీల్యాండ్ ఆరో డిస్ట్రిక్ట్, మన లెక్కలో నియోజకవర్గం. జాన్ డిలేనీ ప్రెసిడెంట్ పోటీకి వెళ్తూ ఖాళీ చేసిన సీటు అది. ఒకసారి మ్యాప్ తెరిచి చూడు, అటు మాంట్‌గామరీ కౌంటీ సబర్బ్‌ల నుంచి ఇటు పడమటి కొండల్లో గ్యారెట్ కౌంటీ దాకా సాగిపోతుంది. అంతకుముందు ఆవిడ రెండు టర్ములు చేసిన 15వ డిస్ట్రిక్ట్ ఆ మాంట్‌గామరీ వైపుదే, అక్కడ ఆవిడ మొహం తెలిసినవాళ్లున్నారు, కొండల్లో ఎవరు గుర్తుపడతారు? ఎదురుగా ఉన్నది డేవిడ్ ట్రోన్, టోటల్ వైన్ అనే పెద్ద లిక్కర్ షాపుల చెయిన్ ఓనర్లలో ఒకడు, సొంత డబ్బు కోట్ల డాలర్లు పోసే మనిషి, రెండేళ్ల ముందే పక్క డిస్ట్రిక్ట్‌లో కోటికి పైగా డాలర్లు ఖర్చుపెట్టి జేమీ రాస్కిన్ చేతిలో ఓడి వచ్చాడు. బోలెడు మంది ఉన్న ఆ జూన్ ప్రైమరీలో, అంటే డెమోక్రాట్ పార్టీ అభ్యర్థి ఎవరో తేల్చే ఎన్నికలో, ట్రోన్‌కి దాదాపు 40 శాతం, అరుణకి 31 శాతం దాకా. రెండో ప్లేసు. అంటే చేతిలో ఉన్న సీటు వదిలేశారు, కావాలనుకున్న సీటు రాలేదు, 2019 జనవరి నుంచి ఏ పదవీ లేదు. మన ఊళ్లో అయితే ఆ మనిషిని ఆ ఏడాది పెళ్లిళ్లలో ముందు వరసలో కూడా కూర్చోబెట్టరు.

ఇది దాస్తే ఆ తర్వాతది అర్థం కాదు. 2021 డిసెంబర్‌లో గవర్నర్ పోటీలో ఉన్న వెస్ మూర్ ఆవిణ్ణి తన రన్నింగ్ మేట్‌గా, అంటే లెఫ్టినెంట్ గవర్నర్ అభ్యర్థిగా ప్రకటించాడు. అప్పటికి మూర్ ఏ ఎన్నికలోనూ గెలిచిన మనిషి కాదు, ఆర్మీలో చేశాడు, పుస్తకాలు రాశాడు, పేదరికం మీద పనిచేసే పెద్ద సంస్థ నడిపాడు, అంతే. అలాంటివాడికి రాష్ట్ర రాజధాని అనాపొలిస్‌లో ఎనిమిదేళ్లు కూర్చున్న మనిషి, ఒక పెద్ద రేసులో ఓడి కూడా తొమ్మిది పాయింట్ల దూరంలో ఆగిన మనిషి ఎందుకు కావాలనిపించిందో పాఠకుడికి నువ్వే చెప్పాలి. ఇది నా అంచనా అని చెప్పి చెప్పు, తప్పులేదు.

ఇంకో విషయం, మాటల గురించి. ఇక్కడే మన తెలుగు పాఠకుడు బోల్తా పడతాడు, నీ తప్పు కూడా కాదనుకో. "గవర్నర్" అనగానే మనకి రాజ్‌భవన్, తేనీటి విందు, సంతకం పెట్టని బిల్లులు. అక్కడ గవర్నర్ అంటే జనం ఓటేసి ఎన్నుకున్న మనిషి, మన లెక్కలో ముఖ్యమంత్రి. "లెఫ్టినెంట్ గవర్నర్" అనగానే ఢిల్లీ, పుదుచ్చేరి గుర్తొస్తాయి, రాష్ట్రపతి వేసిన మనిషి. నువ్వు అందుకే "డిప్యూటీ సీఎం లాంటి" అని రాశావ్, సరే, కానీ మన ఆంధ్రలో 2019లో ఒకేసారి అయిదుగురు డిప్యూటీ సీఎంలు ఉన్నారని మర్చిపోకు, ఆ పోలికలో బరువు ఏముంటుంది. తేడా ఒక్క లైన్లో చెప్పెయ్, అక్కడ గవర్నర్ పోతే, దిగిపోతే, ఆ కుర్చీలోకి వచ్చేది ఈ మనిషే, మిగతా రోజుల్లో మాత్రం మేరీల్యాండ్ రాజ్యాంగం ప్రకారం గవర్నర్ అప్పజెప్పిన పనులే. అందుకే 2024 మార్చి 26న బాల్టిమోర్‌లో కీ బ్రిడ్జి కూలిన సంగతి తెచ్చి, ఆవిడ రోడ్ల ఇంజినీరు కాబట్టి అంతా ఆవిడే నడిపించినట్టు రాసిన పేరా కొట్టేశాను. ఆరుగురు పనివాళ్లు చనిపోయిన ఘటన అది, మన గర్వం కోసం దాన్ని వాడకు.

అన్నిటికంటే డేంజర్ మాట "టికెట్". మన దగ్గర టికెట్ అంటే బీ-ఫారం, పార్టీ ఇచ్చేది, దొరక్కపోతే రాత్రికి రాత్రి కండువా మార్చేది. అక్కడ మేరీల్యాండ్‌లో టికెట్ అంటే జంట, గవర్నరూ లెఫ్టినెంట్ గవర్నరూ ఒకే ఓటు, ప్రైమరీలో కూడా జంటే. నువ్వు "డెమోక్రాట్ టికెట్ సాధించిన అరుణ" అని రాస్తే చదివేవాడు గుంటూరు ఎంపీ టికెట్ అనుకుంటాడు. 2022 జూలై ప్రైమరీలో మూర్, మిల్లర్ జంటకి వచ్చింది 32 శాతం పైచిలుకే, టామ్ పెరెజ్ జంట రెండు పాయింట్ల వెనకే ఉంది. నవంబర్‌లో ఎదురు నిలబడింది డాన్ కాక్స్, ట్రంప్ మద్దతిచ్చిన మనిషి, డెమోక్రాట్లు ఎక్కువున్న రాష్ట్రంలో అలాంటివాడి మీద 64 శాతం పైన వచ్చింది. ఆ 64ని తీసుకెళ్లి "తెలుగు మహిళకు మేరీల్యాండ్ బ్రహ్మరథం" అని హెడ్డింగ్ పెట్టావ్ చూడు, అక్కడ నవ్వొచ్చింది నాకు. ఆ ఓట్లలో ఎన్ని ఆవిణ్ణి చూసి పడ్డాయో లెక్క తీసే దారే లేదు.

పోల్చాలంటే పొటోమాక్ నది దాటు. వర్జీనియాలో గజాలా హష్మీ, ఆవిడా 1964లోనే హైదరాబాద్‌లోనే పుట్టారు, నాలుగేళ్లప్పుడు జార్జియా వెళ్లిపోయారు, ఎమరీలో అమెరికన్ సాహిత్యంలో పీహెచ్‌డీ, ముప్ఫై ఏళ్లకు దగ్గరగా కాలేజీల్లో పాఠాలు, 2019లో స్టేట్ సెనేట్, 2025 నవంబర్‌లో లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలుపు. పక్కపక్క రాష్ట్రాలు, ఒకే పేరున్న పదవి, కానీ వర్జీనియాలో ఈ ఎన్నిక వేరుగా జరుగుతుంది, జంట లేదు. 2005లో అక్కడి ఓటర్లు డెమోక్రాట్ టిమ్ కేన్‌ని గవర్నర్‌గా, అదే రోజు రిపబ్లికన్ బిల్ బోలింగ్‌ని లెఫ్టినెంట్ గవర్నర్‌గా గెలిపించారు. కాబట్టి హష్మీకి పడ్డ ఓట్లు హష్మీవే. జూన్ ప్రైమరీలో ఆరుగురి మధ్య 27 శాతంతో, రెండో స్థానంలో ఉన్న లెవార్ స్టోనీ మీద ఒక్క శాతం కూడా లేని తేడాతో బయటపడ్డారు, ఆ రాత్రి ఎలా గడిచిందో ఊహించుకో. పైగా 40 మంది ఉన్న సెనేట్‌ని నడిపేది ఆవిడే, సమంగా చీలితే ఓటు ఆవిడదే. ఒక్క జాగ్రత్త, హైదరాబాద్‌లో పుట్టారు కదా అని ఆవిణ్ణి కూడా "తెలుగు బిడ్డ" చేసెయ్యకు. హైదరాబాద్ మనది ఒక్కరిదే కాదు.

ఇంటిపేరు సంగతి కూడా ఇక్కడే అనేస్తాను. అరుణ పుట్టింటి పేరు కాట్రగడ్డ అని చూడగానే వాట్సాప్ గ్రూపుల్లో ఒక బ్యాచ్ బయల్దేరుతుంది, మా వాళ్లే అని. నీ మూడో పేరా వాళ్ల కోసం రాసినట్టుంది. మూలాలు కృష్ణా జిల్లా అని ఒక్క ముక్క చాలు.

"మొదటి" అనే మాట గురించి నాకు ఒక దెబ్బ ఉంది, చెప్తాను. 2022 నవంబర్‌లో ఒక చిన్న పత్రికకి హడావుడిగా ఒక బాక్స్ ఐటమ్ రాసిచ్చాను, అమెరికాలో రాష్ట్రమంతా ఓటేసే ఎన్నికలో గెలిచిన తొలి భారతీయ మూలాల మహిళ అరుణ అని. తెల్లారి ఒక రిటైర్డ్ మాస్టారు ఫోన్ చేసి చాలా మర్యాదగా అడిగారు, "మరి 2010లో సౌత్ కరోలినా గవర్నర్‌గా నిక్కీ హేలీ, కాలిఫోర్నియా అటార్నీ జనరల్‌గా కమలా హారిస్ గెలిచింది కల్లోనా అండీ?" అని. ఆ రోజు అన్నం సహించలేదు. సరైన వాక్యం ఏంటంటే లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికైన తొలి దక్షిణాసియా మూలాల మహిళ, అంతే, అంతకంటే సాగదీస్తే అబద్ధమే. మేరీల్యాండ్ అసెంబ్లీ విషయంలోనూ అంతే, ఆవిడ తొలి భారతీయ మూలాల మహిళ, తొలి మనిషి కాదు, కుమార్ బార్వే 1990లోనే గెలిచాడు.

ఇక మంచు కథ. 1972లో ఏడేళ్ల పిల్లగా అమెరికాలో దిగి, పైనుంచి పడుతున్న మంచు చూసి తన రాక కోసం ఎవరో రంగు కాగితాలు చల్లుతున్నారనుకున్నానని ఆవిడ చెప్పుకుంటారు. ముచ్చటైన కథ, ఉంచు. కానీ అది ఆవిడ స్టేజీల మీద చెప్పుకునే కథ, ఏ క్యాండిడేట్‌కైనా ఇలాంటిది ఒకటి జేబులో ఉంటుంది, నువ్వు దాన్ని మూడుసార్లు వాడావ్, చివర్లో మళ్లీ మంచు కురిపించావ్. నాకు నచ్చేది ఇంకో వివరం. ఆవిడ సిటిజెన్ అయింది 2000లో. అంటే 28 ఏళ్లు ఆ దేశంలో బతికి, చదివి, రోడ్ల ఇంజినీరుగా ఉద్యోగం చేసి, ఓటు లేదు. మొదటి ఓటు ఆ ఏడాది బుష్, గోర్ ఎలక్షన్‌లో. పదేళ్లకి తన పేరే బ్యాలెట్ మీద. గ్రీన్ కార్డు లైన్లో కూర్చున్న మనవాళ్లు ఎంతమంది ఉన్నారు డల్లాస్‌లో, ఎడిసన్‌లో, వాళ్లు ఈ పేరా దగ్గర ఆగుతారు. నువ్వు దీన్ని బ్రాకెట్లో పెట్టావ్!

అలాగే మాంట్‌గామరీ కౌంటీ ట్రాన్స్‌పోర్ట్ డిపార్ట్‌మెంట్‌లో 25 ఏళ్లు. డెలిగేట్ అయ్యాక కూడా కొన్నేళ్లు ఆ ఉద్యోగం ఎలా చేశారని నీకు డౌట్ రాలేదా? అక్కడి అసెంబ్లీ జనవరి నుంచి 90 రోజులే కూర్చుంటుంది, మిగతా ఏడాది ఎవరి పని వాళ్లది. మన ఎమ్మెల్యేల్ని చూసి పెరిగినవాడికి ఇది వింత, అలాంటి వింతే పాఠకుడికి కావాలి.

చివరి పేరాలో "భావి గవర్నర్" అన్నావ్. ఆ కుర్చీ చరిత్ర చూసి మాట్లాడు. మేరీల్యాండ్‌లో ఇప్పుడున్న ఈ లెఫ్టినెంట్ గవర్నర్ పదవి 1970లో పెట్టారు. అప్పట్నుంచి మొదటి మనిషి బ్లెయిర్ లీ, యాక్టింగ్ గవర్నర్‌గా ఉండి కూడా 1978 ప్రైమరీలో ఓడాడు. ఆ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాళ్లలో మెల్విన్ స్టైన్‌బర్గ్ ఓడింది 1994 ప్రైమరీలో. క్యాథ్లీన్ కెనడీ టౌన్‌సెండ్, రాబర్ట్ కెనడీ కూతురు, 2002లో గవర్నర్ పోటీలో. మైకేల్ స్టీల్ 2006లో అమెరికా సెనేట్‌కి నిలబడి. ఆంథొనీ బ్రౌన్ 2014లో లారీ హోగన్ చేతిలో, పాపం అతను ఎనిమిదేళ్ల తర్వాత అటార్నీ జనరల్‌గా తిరిగొచ్చాడు. రాష్ట్రమంతా తిరిగి ఓట్లడగడం వేరే ఆట తమ్ముడూ. 2018లో అరుణని ఓడించిన ఆ ట్రోన్, 2024లో సెనేట్ ప్రైమరీకి సొంత డబ్బు 6 కోట్ల డాలర్లకు పైగా పోసి ఏంజెలా ఆల్సోబ్రూక్స్ చేతిలో ఓడిపోయాడు. డిస్ట్రిక్ట్‌లో పనిచేసిన చెక్కు రాష్ట్రంలో చెల్లలేదు.

సరే, చాలా అయింది, చెయ్యి నొప్పెడుతోంది, మీ వదిన భోజనానికి పిలుస్తోంది. మొత్తం తిరగరాయడం తర్వాత సంగతి, ముందు ఆ 2018 పేరా ఒక్కటి రాసి గురువారం లోపు పంపు. శాతాలు, తేదీలు పక్కన పెన్సిల్‌తో ఎక్కణ్ణుంచి తెచ్చావో రాసుకో, ఆ మాస్టారు ఇంకా పేపర్ చదువుతూనే ఉన్నారు.

మీ అన్న