మాట చేసే పని చూడు

అమ్మాయీ,

1986 ఆగస్టు గోదావరి వరద గురించి మీ అమ్మమ్మ చెప్పిన సంగతులు ఇంగ్లీషులో రాసి పంపావు. నిదానంగా చదివాను. లంక ఊళ్ల మీద ఏరు వచ్చిపడిన రాత్రిని బయటివాళ్లకి కూడా అర్థమయ్యేలా చెప్పేవాళ్లు మనలోంచే రావాలి. అందుకని ఈ పని వదలొద్దు. ఏది నామవాచకమో, ఏది క్రియో, ఏది విశేషణమో తేలక టెన్షన్ పడుతున్నానన్నావు కదా, ఈ ఉత్తరం దాని గురించే.

పేరు చెబితే నామవాచకం, పని చెబితే క్రియ, గుణం చెబితే విశేషణం అని బళ్లో నేర్పారు. తెలుగుకి అది చాలావరకు సరిపోతుంది. ఇంగ్లీషులో మాత్రం ఒంటరిగా ఉన్న మాటని చూసి దాని జాతి చెప్పలేం. వాక్యంలో ఎక్కడుంది, అక్కడ ఏం చేస్తోంది అన్నది చూడాలి. నీ రాతలోదే 'బ్రీచ్' తీసుకో. 'ఎ బ్రీచ్ ఇన్ ది బండ్' అన్నప్పుడు ముందు 'ఎ' ఉంది, కావాలంటే 'బ్రీచెస్' అని బహువచనం చెయ్యొచ్చు. అది నామవాచకం. 'ది రివర్ బ్రీచ్డ్ ది బండ్' అన్నప్పుడు అదే మాట జరిగిపోయిన కాలాన్ని చూపిస్తోంది. అది క్రియ. నువ్వు 'ది రివర్ బ్రీచ్ ది బండ్' అని వదిలేశావు. బ్రీచ్ అంటే ఏటిగట్టుకు పడ్డ గండి, గండి పేరే కదా అనుకుని ఉంటావు. 'ది రివర్' అయ్యాక 'ది బండ్' వచ్చేలోపు ఏరు ఏం చేసిందో చెప్పే మాట కావాలి. ఆ చోట ఉన్న మాట క్రియే, దానికి కాలం చూపించాలి.

'ఫ్లడ్' ఇంకా చిత్రమైనది. 'ది ఫ్లడ్ కేమ్ ఎట్ నైట్'లో నామవాచకం, 'ది రివర్ ఫ్లడెడ్ ది ఐలాండ్'లో క్రియ. మరి 'ఫ్లడ్ వాటర్'లో? నీళ్లు ఎలాంటివో చెబుతోంది కాబట్టి విశేషణం అనిపిస్తుంది. పని విశేషణానిదే, మాట మాత్రం నామవాచకమే. ముందు 'వెరీ' పెట్టి చూడు. 'వెరీ డీప్ వాటర్' కుదురుతుంది, 'వెరీ ఫ్లడ్ వాటర్' కుదరదు. 'ది వాటర్ వాజ్ డీప్' అనొచ్చు, 'ది వాటర్ వాజ్ ఫ్లడ్' అనలేం. అలాగని ఒక్క పరీక్షతో తేల్చెయ్యకు. 'వుడెన్ బోట్'లో 'వుడెన్' నిఖార్సైన విశేషణం, అయినా 'వెరీ' దాని ముందు నిలవదు.

అసలు చిక్కు వేరే ఉంది. ఇంగ్లీషువాళ్లు రాసిన గ్రామర్ పుస్తకాల్లో అది దొరకదు, ఎందుకంటే అది మన అలవాటు. ఇంగ్లీషు మాట ఏది దొరికినా మనం 'అయ్యాడు', 'చేశాడు' తగిలిస్తాం. సక్సెస్ అయ్యాడు, ఫెయిల్ అయ్యాడు, బిజీ అయ్యాడు. వినడానికి మూడూ ఒకేలా ఉన్నాయి. ఇంగ్లీషులో సక్సెస్ నామవాచకం, ఫెయిల్ క్రియ, బిజీ విశేషణం. క్రియ బరువంతా మన 'అయ్యాడు' మోస్తుంది కాబట్టి పక్కనున్నది ఏ జాతిదో పట్టించుకోం. నువ్వు 'ది బోట్‌మెన్ సక్సెస్డ్' అని రాయడానికి కారణం ఇదే. 'సక్సీడెడ్' అనాలి. 'అడ్వైస్ చేశాడు' కూడా అంతే, అడ్వైస్ నామవాచకం, అడ్వైజ్ క్రియ. బస్సులోనో, రావులపాలెం సెంటర్లోనో ఇలాంటివి చెవిన పడితే నోట్‌బుక్కులో రాసుకో. ఇంటికెళ్లాక 'అయ్యాడు', 'చేశాడు' కొట్టేసి, మిగిలినది ఏ జాతిదో డిక్షనరీలో చూడు. మనవాళ్లకి ఇంతకంటే మంచి సాధన లేదని నా నమ్మకం.

'ది నైట్ వెరీ డార్క్' అని కూడా రాశావు. తెలుగులో 'ఆ రాత్రి చాలా చీకటి' అంటే చాలు, క్రియ అడగదు. ఇంగ్లీషుకి 'వాజ్' పడాల్సిందే. రాయడం అయ్యాక ప్రతి వాక్యంలో క్రియ కింద గీత గీసుకుంటూ పో, లోటు ఎక్కడుందో నీకే కనిపిస్తుంది.

మాటల చివర్లు కొంత సాయపడతాయి. 'నెస్', 'షన్' ఉంటే సాధారణంగా నామవాచకం, 'ఫుల్', 'అస్' ఉంటే విశేషణం. 'లీ' కనిపిస్తే క్రియావిశేషణం అనుకుంటాం, దాన్ని మాత్రం నమ్మకు, 'ఫ్రెండ్లీ' విశేషణమే.

ఇవన్నీ కథకి ఎందుకంటావా? 'ఇనండేషన్ ఆఫ్ ఫీల్డ్స్, డిస్‌ప్లేస్‌మెంట్ ఆఫ్ ఫ్యామిలీస్' అని రిపోర్టుల్లో రాస్తారు. అన్నీ నామవాచకాలే, అందులో ఎవరూ ఏమీ చెయ్యరు. మీ అమ్మమ్మ అలా చెప్పలేదు. నీళ్లు చేలల్లోకి ఎక్కాయంది, పలుపు కోసి దూడని వదిలామంది, పిల్లల్ని అటకెక్కించామంది. ఆవిడ చెప్పినదంతా క్రియల మీద నడిచింది. ఇంగ్లీషులోనూ అలాగే నడిపించు. 'టెరిబుల్', 'హారిబుల్' రెండూ తీసెయ్. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకి చేరితే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ అంకె వేస్తే చాలు, దాని పక్కన విశేషణం అక్కర్లేదు.

గండి పడిన పేరా మళ్లీ రాసి పంపు. గట్టు ఏ ఊరి దగ్గర తెగిందో, పడవవాళ్లు ముందు ఎవర్ని దాటించారో అమ్మమ్మని అడిగి అందులో చేర్చు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు