కరోనా సెలవుల వల్ల ఎక్కువ నష్టపోయింది ఏ తరగతి పిల్లలు?

పదో తరగతి వాళ్లని చాలామంది అంటారు. పరీక్షలు రద్దయ్యాయి, అందరినీ పాస్ చేశారు, పత్రికల నిండా వాళ్ల వార్తలే వచ్చాయి. అందుకే అలా అనిపిస్తుంది. నేను తెలంగాణలో ఒక పల్లెలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిని. అందరికంటే ఎక్కువ నష్టపోయింది 2020లో ఒకటో తరగతిలో చేరిన పిల్లలేనని నేను అంటాను. ఈ మాట మీద ఎవరు వాదించినా తగ్గను.

2020 సెప్టెంబర్ 1 నుంచి దూరదర్శన్ యాదగిరిలో, రాష్ట్ర ప్రభుత్వ విద్యా చానల్ టీశాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. అవి మూడో తరగతి నుంచి పైవాళ్లకే. ఎవరింట్లో టీవీ ఉంది, ఎవరు పాఠం చూశారు అని మేము ఇల్లిల్లూ తిరిగి రాసుకునేవాళ్లం. ఒకటి, రెండు తరగతుల వాళ్ల సంగతి ఆ ఏడాది మమ్మల్ని అడిగిన అధికారి లేడు. అక్షరాలు దిద్దే వయసు వాళ్లకు టీవీ పాఠం పనికిరాదు, ఒప్పుకుంటాను. మరి పనికొచ్చేది ఏదో ఒకటి చేయాలి కదా! ఊళ్లో పిల్లలతో కూర్చోగలిగిన విద్యావలంటీర్లను, అంటే తాత్కాలిక టీచర్లను సైతం ఆ ఏడాది కొనసాగించలేదు.

2021 సెప్టెంబర్ 1న బడులు మళ్లీ తెరిచారు. అప్పటికి వాళ్లు రికార్డుల్లో రెండో తరగతి. ఆ వారంలోనే ఒక పిల్లవాడు పదకొండు గంటలకు లేచి, సంచి తగిలించుకుని, నెమ్మదిగా నడుచుకుంటూ ఇంటిదారి పట్టాడు. వాడి ముఖంలో అలక గాని, భయం గాని లేవు. గంట కొట్టేదాకా ఉండాలని వాడికి తెలియదు, అంతే. అప్పటిదాకా తరగతి గదిలో ఒక్క పూటైనా కూర్చుని ఎరగడు. వాళ్లమ్మ పత్తి చేలో కలుపు తీస్తోందట. బురద కాళ్లతోనే వాణ్ణి చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చింది. నేను రెండో తరగతి తెలుగు వాచకం వాడి చేతిలో పెట్టబోతే, దాని వంక చూసి, "సారూ, వీడు ఒకటో తరగతి ఎప్పుడు చదివాడు?" అని అడిగింది. హాజరు పట్టీలో వాడి పేరుంది గాని, ఆమెకు చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ రోజే ఆ పుస్తకాలు పక్కనపెట్టి, పిల్లలందరికీ ఏడాది పొడవునా ఒకటో తరగతే చెప్పమని ఉత్తర్వు వచ్చి ఉండాల్సింది. రాలేదు. పైగా 2022 జనవరిలో మళ్లీ నెలాఖరు దాకా మూసేశారు. జూన్‌లో అదే పిల్లలు మూడో తరగతికి వచ్చేసరికి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఇంగ్లీషు మీడియానికి నేను వ్యతిరేకిని కాదు, మా పిల్లలకూ అది కావాలి. కానీ తెలుగు గుణింతాలే రాని పిల్లల ముందు ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉన్న పుస్తకం పెడితే వాళ్లు ఏ పేజీ చదవాలి? ఆగస్టు 15న, ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవడం, రాయడం, లెక్కలు మొదటి నుంచి నేర్పే తొలిమెట్టు వచ్చింది. మంచి కార్యక్రమం, కాకపోతే ఏడాది ఆలస్యం.

పల్లెల్లో ఇల్లిల్లూ తిరిగి పిల్లల చదువును పరీక్షించే అసర్ సర్వే ఉంది, దాని 2022 నివేదిక చూడండి. గ్రామీణ తెలంగాణలో మూడో తరగతి చదువుతూ రెండో తరగతి పాఠం చదవగలిగిన పిల్లలు 2018లో 18.1 శాతం. 2022లో 5.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 22.6 నుంచి 10.3కి పడిపోయారు. 2022లో మూడో తరగతి అంటే ఎవరు? 2020లో ఒకటో తరగతిలో చేరినవాళ్లే. ఈ అంకెలు చూసి టీచర్లను తిట్టినవాళ్లలో ఎంతమంది ఈ చిన్న లెక్క వేశారు?

వాళ్లిప్పుడు ప్రాథమిక బడి దాటిపోయారు. మీ ఇంట్లోనో, మీ వీధిలోనో ఆ ఏడాది బడిలో చేరిన పిల్లలుంటే మార్కుల జాబితా చూడకండి. వాళ్లు ఎన్నడూ చూడని కథల పుస్తకంలో ఒక పేజీ తీసి పైకి చదివించండి. ఒత్తుల దగ్గర ఆగితే ఒత్తుల నుంచి, గుణింతాల దగ్గర ఆగితే గుణింతాల నుంచి మొదలుపెట్టండి. హైస్కూలు పిల్లలకు ఇప్పుడు గుణింతాలేమిటని సిగ్గుపడకండి, వాళ్లను సిగ్గుపడనివ్వకండి.