గుట్టల్లో జరిగే పరుగు పోటీకి మార్షల్‌గా వెళ్తే ఏం చేయాలి?

పరుగెత్తే అలవాటు లేని మిమ్మల్ని గుట్టల్లో జరిగే పరుగు పోటీకి మార్షల్‌గా, అంటే దారిలో నిలబడి పరుగెత్తేవారికి దారి చూపే మనిషిగా, రమ్మన్నారనీ, అక్కడ మీ పని ఏమిటో తెలియడం లేదనీ రాశారు. నేను హనుమకొండలో ఉంటాను. రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో రెండుసార్లు ఆ పని చేశాను. పరుగు రాకపోవడం అడ్డేమీ కాదు. ఐదారు గంటలు ఒకే చోట ఉండి, మీ ముందు నుంచి వెళ్ళిన ప్రతి మనిషినీ లెక్కలో పెట్టుకోగలిగితే చాలు.

ఈ సంగతి నాకు మొదటిసారి తెలియలేదు. నన్ను నిలిపిన చోట దారి రెండుగా చీలి, కుడిది గుట్ట మీదికి, ఎడమది పొలాలవైపు పోతుంది. నేను చీలిక మొదట్లో చెట్టు నీడన నిలబడి, చప్పట్లు కొడుతూ, చేత్తో దారి చూపిస్తూ, ఛాతీ మీది నంబర్లు రాసుకుంటున్నాను. ఇంతలో ఒకాయన పిక్క పట్టేసి కూలబడితే, ఆయన కాలు సాగదీస్తూ ఐదు నిమిషాలు దారికి వీపు తిప్పాను. చివరివారి వెంట వచ్చే స్వీపర్ లెక్క సరిచూసేసరికి, నాకు ముందున్న మార్షల్ కాగితంలోని ఒక నంబరు నా కాగితంలో లేదు. ఆ కుర్రవాడు పొలాలవైపు దిగిపోయాడు. మేకలు కాసే పెద్దాయన ఒకరు వెనక్కి పంపితే ముప్పావు గంటకు తిరిగివచ్చాడు. నన్ను ఒక్క మాటా అనలేదు. అని ఉంటేనే నాకు తేలికగా ఉండేది.

రెండోసారి నేను చీలిక దగ్గర కాక, వెళ్ళకూడని దారిలో నాలుగడుగులు లోపల, వచ్చేవారికి ఎదురుగా నిలబడ్డాను. తల వంచుకుని రాళ్ళు చూసుకుంటూ వచ్చేవారికి చేతి సైగ కనబడకపోయినా, అడ్డంగా ఉన్న మనిషి కనబడతాడు. దారి గుర్తుగా ముందురోజు కట్టిన రిబ్బన్లు తెల్లవారేసరికి అలాగే ఉంటాయని నమ్మకండి (మేకలకు అవి కూడా మేతే). అరగంట ముందే చేరి, రెండు వైపులా కొంత దూరం నడిచి చూసుకోండి; ఫోన్ సిగ్నల్ ఎక్కడ అందుతుందో కూడా అప్పుడే తెలుస్తుంది.

జనవరిలో తెల్లవారుజామున స్వెటర్ కావాలి, కానీ పొద్దెక్కితే ఇసుకరాతి బండలు వేడెక్కుతాయి. అలసినవారిని పేరు, ఊరు అడగండి. మాట తడబడినా, పొంతన లేకపోయినా వడదెబ్బేమోనని అనుమానించాలి. అందులో ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటుతుంది, చెమట పడుతున్నా అది వచ్చి ఉండవచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా నీళ్ళతో తడిపి గాలి విసురుతూ, పక్కవారితో వైద్య బృందానికి, 108కి ఫోన్ చేయించండి. వాహనం వచ్చేదాకా చల్లబరచడం ఆపకూడదు. అయితే ఉత్త నీళ్ళు లీటర్లకొద్దీ తాగినా రక్తంలో సోడియం పడిపోయి ఇలాంటి అయోమయమే కలగవచ్చు కనుక, కనబడిన ప్రతివారినీ తాగమని బలవంతపెట్టకండి.

బండల అంచులకు తేనెపట్లు ఉంటాయి, దగ్గర్లో పొగ రానివ్వకండి. పాత రాతి చిత్రాలున్న గోడలకు ఎవరినీ చేతులు ఆనించనివ్వకండి. సద్ది, నీళ్ళు, విజిల్, పెన్సిల్ వెంట ఉంచుకోండి. చెమట చేతికి పెన్ను రాత అలికిపోతుంది.

గంటసేపు ఎవరూ రాకపోయినా, స్వీపర్ వచ్చి మీ కాగితం సరిచూసేవరకు ఆ చోటు వదలకండి. రెండోసారి స్వీపర్ నన్ను చేరేసరికి పదకొండున్నర అయింది. నంబర్లన్నీ సరిపోయాక, ఇద్దరమూ రిబ్బన్లు విప్పుకుంటూ కిందికి దిగాము.