టీకా తర్వాత నెలసరి మారిందంటే ఎవరూ వినలేదు, ఇప్పుడు మా అమ్మాయికి టీకా వేయించవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 39 ఏళ్లు, మాది పరకాల దగ్గర ఒక ఊరు. 2021లో కోవిషీల్డ్ మొదటి డోసు వేయించుకున్న నెలలో నాకు డేట్ పది రోజులు ఆలస్యంగా వచ్చి, తొమ్మిది రోజులు బ్లీడింగ్ అయింది. అంతకుముందు ఎప్పుడూ అలా కాలేదు. సూది వేసినవాళ్లను అడిగితే దీనికీ దానికీ సంబంధం లేదు, పుకార్లు పుట్టించవద్దు అన్నారు. ఒక ప్రైవేటు దవాఖానలో చూపించుకుంటే టెన్షన్ వల్ల అని చెప్పి పంపించేశారు. రెండు నెలల్లో దానంతట అదే సర్దుకుంది. కానీ ఏడాది నుంచి మళ్లీ ఎక్కువగా పోతోంది, గడ్డలు పడుతున్నాయి, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఇది అప్పటి టీకా వల్లేనా? గర్భసంచి తీయించుకుంటే పీడ పోతుందని ఊళ్లో అంటున్నారు. మా అమ్మాయికి 13 ఏళ్లు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా టీకా వేయించమంటున్నారు. నాకు జరిగింది తలచుకుంటే భయంగా ఉంది.
ఒక పాఠకురాలు, హన్మకొండ జిల్లా

సమాధానం: మీరు అడిగినవి మూడు వేరువేరు విషయాలు. మొదటిదానికి ఇన్నాళ్లూ ఎవరూ సరైన జవాబు చెప్పకపోవడం వల్ల, మిగతా రెండూ దానితో ముడిపడి మీకు భయం కలిగిస్తున్నాయి. అందుకే దాని నుంచే మొదలుపెడతాను.

టీకా వేసుకున్న నెలలో డేట్ మారడం, బ్లీడింగ్ ఎక్కువ కావడం 2021లో చాలామంది స్త్రీలు గమనించి చెప్పిన విషయమే. బ్రిటన్‌లో ఔషధ నియంత్రణ సంస్థకు ఆ ఏడాది సెప్టెంబరు నాటికే 30 వేలకు పైగా ఇలాంటి ఫిర్యాదులు అందాయి. అమెరికాలో ఇద్దరు మహిళా శాస్త్రవేత్తలు, టీకా తర్వాత తమ శరీరంలోనూ ఈ మార్పు గమనించి, 2021 ఏప్రిల్‌లో స్వయంగా ఒక సర్వే మొదలుపెట్టారు. 2022 జులైలో ప్రచురితమైన దాని తొలి ఫలితాల్లో 39 వేల మందికి పైగా ఇచ్చిన సమాధానాలను విశ్లేషించగా, నెలసరి క్రమంగా వచ్చేవారిలో 42 శాతం మంది తమకు బ్లీడింగ్ ఎక్కువైందని చెప్పినట్లు తేలింది. మార్పు గమనించినవారే ఇలాంటి సర్వేకు ముందుకొచ్చే అవకాశం ఎక్కువ కనుక, టీకా వేసుకున్న ప్రతి వందమందిలో 42 మందికి ఇలా అవుతుందని దాని అర్థం కాదు. ఆ మాట ఆ శాస్త్రవేత్తలే స్పష్టంగా చెప్పారు. అయినా అంతమంది ఒకే మాట చెబుతున్నప్పుడు దాన్ని టెన్షన్ అని తోసిపుచ్చడం వైద్యం అనిపించుకోదు.

తర్వాత, టీకాకు ముందు నుంచే తమ తేదీలను ఫోన్ యాప్‌లో నమోదు చేసుకుంటూ వచ్చిన స్త్రీల వివరాలతో మరింత పకడ్బందీ అధ్యయనాలు జరిగాయి. 2022 జనవరిలో అమెరికాలో 3,959 మందిపై వెలువడిన అధ్యయనంలో, డోసు పడిన నెలలో తర్వాతి డేట్ సగటున ఒక రోజు కంటే తక్కువ ఆలస్యమైందని, ఒకే నెలసరి చక్రంలో రెండు డోసులూ పడినవారికి సుమారు రెండు రోజులు ఆలస్యమైందని తేలింది. అదే ఏడాది సెప్టెంబరులో అనేక దేశాలకు చెందిన దాదాపు 20 వేల మందిపై వచ్చిన అధ్యయనమూ ఇదే చెప్పింది. మీరు వేసుకున్న కోవిషీల్డ్‌కు మూలమైన ఆస్ట్రాజెనెకా టీకా వేసుకున్నవారు కూడా అందులో ఉన్నారు. టీకా రకాన్ని బట్టి పెద్ద తేడా ఏమీ కనిపించలేదు.

సగటున ఒక రోజే కదా అని ఎవరైనా అంటే, మీకు పది రోజులు ఆలస్యమైన సంగతి అందులో ఎక్కడికి పోయిందని మీరు అడగవచ్చు. సగటు చిన్నదైనా, కొందరిలో తేడా ఎక్కువగానే ఉంటుంది. రెండో అధ్యయనంలో డేట్ ఎనిమిది రోజులు లేదా అంతకంటే ఎక్కువ మారినవారు టీకా వేసుకున్నవారిలో 6.2 శాతం ఉంటే, వేసుకోనివారిలోనూ 5 శాతం మంది ఉన్నారు. అందువల్ల మీ ఒక్కరి విషయంలో ఆ ఆలస్యం కచ్చితంగా టీకా వల్లే వచ్చిందని నేను ఇప్పుడు నిరూపించలేను, కాదని ఆ రోజు చెప్పినవారూ నిరూపించలేరు. అయితే అప్పటిదాకా క్రమంగా వచ్చిన డేట్ ఆ ఒక్క నెలలోనే మారి, ఒకటి రెండు నెలల్లో మామూలు స్థితికి రావడం అధ్యయనాల్లో కనిపించిన తీరుకు సరిగ్గా సరిపోతుంది కనుక, మీకు జరిగింది అదేనని అనుకోవడానికి తగిన కారణం ఉంది.

ఇది ఎందుకు జరుగుతుందో కూడా తెలుసుకోండి. నెలసరి తేదీని నిర్ణయించేది గర్భసంచి ఒక్కటే కాదు. మెదడులోని హైపోథాలమస్, దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథి, అండాశయాలు, ఈ మూడింటి మధ్య హార్మోన్ల ద్వారా నడిచే వ్యవహారం అది. టీకా వేసినప్పుడు శరీరంలో రోగనిరోధక కణాలు మేల్కొని కొన్ని రసాయనాలను విడుదల చేస్తాయి. జ్వరం, ఒళ్లు నొప్పులు వచ్చేది వాటివల్లే. అవే ఆ హార్మోన్ల లయను కొద్ది రోజులపాటు తప్పించగలవు. అండం విడుదలకు ముందరి రోజుల్లో డోసు పడినవారిలోనే డేట్ వెనక్కి జరగడం ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే అయి ఉండాలి. గర్భసంచి లోపలి పొరలో కూడా రోగనిరోధక కణాలు ఉంటాయి, నెలనెలా ఆ పొర ఊడిరావడంలోనూ తిరిగి కట్టుకోవడంలోనూ వాటికి పాత్ర ఉంది కనుక రక్తస్రావం హెచ్చడానికీ అవకాశం ఉంది. కరోనా సోకినప్పుడు కూడా చాలామందికి నెలసరి ఇలాగే మారింది. ఇది కరోనాతో మొదలైన విషయమేమీ కాదు. టైఫాయిడ్ టీకా వేయించుకున్న స్త్రీలలో నెలసరి మార్పుల గురించి 1913లోనే ఒక వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది.

నూరేళ్ల కిందటే గమనించిన విషయాన్ని 2020 నాటి టీకా ప్రయోగాల్లో ఎందుకు అడగలేదన్నది నన్ను నిజంగా బాధపెట్టే ప్రశ్న. ఆ ప్రయోగాల్లో పాల్గొన్నవారిని జ్వరం, తలనొప్పి, నీరసం, సూది వేసిన చోట వాపు గురించి రోజువారీగా అడిగి రాసుకున్నారు. స్త్రీలకు గర్భం ఉందో లేదో పరీక్ష చేశారు. కానీ నెలసరి ఎలా వస్తోందని మాత్రం క్రమపద్ధతిలో అడగలేదు. అడగలేదు కనుక నివేదికల్లో లేదు, నివేదికల్లో లేదు కనుక సూది వేసేవారికి ఇచ్చిన శిక్షణలోనూ లేదు, శిక్షణలో లేదు కనుక మీరు చెప్పినప్పుడు వారికి అది పుకారుగానే వినిపించింది. పైగా 2021 ఏప్రిల్‌లో, 18 ఏళ్లు దాటినవారికి టీకా మొదలవబోతున్న రోజుల్లో, నెలసరికి ఐదు రోజుల ముందూ ఐదు రోజుల తర్వాతా టీకా వేసుకోకూడదని వాట్సాప్‌లో ఒక తప్పుడు సందేశం తిరిగింది. ప్రభుత్వం దాన్ని ఖండించింది, ఖండించడం సరైనదే. అయితే ఆ అబద్ధాన్ని కొట్టివేసే తొందరలో, స్త్రీలు తమ శరీరం గురించి చెబుతున్న నిజాన్ని కూడా అదే గాటన కట్టేశారు. ఆ నెలలో తేదీ కాస్త అటూ ఇటూ కావచ్చు, ఒకటి రెండు నెలల్లో సర్దుకుంటుంది, సర్దుకోకపోతే రండి అని ఒక్క మాట ముందే చెప్పి ఉంటే ఎంతమందికి భయం తప్పేదో!

పిల్లలు పుట్టరేమోనన్న అనుమానం కూడా ఆ మౌనంలోంచే పెరిగింది. గర్భం కోసం ప్రయత్నిస్తున్న దంపతులపై జరిగిన అధ్యయనాల్లో, టీకా వల్ల గర్భధారణ అవకాశం తగ్గినట్లు కనిపించలేదు. మన దేశంలో వాడని ఫైజర్, మోడెర్నా టీకాల విషయంలో, అధిక నెలసరి రక్తస్రావాన్ని దుష్ప్రభావాల జాబితాలో చేర్చాలని యూరప్ ఔషధ సంస్థ కమిటీ 2022 అక్టోబరులో సిఫారసు చేసింది. అలా ఒప్పుకున్నంత మాత్రాన అక్కడ టీకా పరువు పోలేదు.

ఇక ఇప్పటి మీ ఇబ్బంది గురించి. ఏడాది నుంచి పోతున్న ఈ రక్తానికి 2021 నాటి టీకా కారణం కాదు. అప్పటి మార్పు రెండు నెలల్లో ముగిసిపోయింది, మధ్యలో ఏళ్లపాటు మీకు మామూలుగానే ఉంది. ఇప్పటి కారణాన్ని వెతకాలి. ఈ వయసులో గర్భసంచిలో ఫైబ్రాయిడ్ గడ్డలు, గర్భసంచి గోడ మందమయ్యే అడినోమయోసిస్, పాలిప్‌లు, థైరాయిడ్ లోపం, అండం సరిగా విడుదల కాకపోవడం, కాపర్ టీ ఉండటం వంటివి మామూలుగా కనిపించే కారణాలు. మెట్లెక్కితే ఆయాసం అంటున్నారు కాబట్టి రక్తహీనత ఉందేమోనన్నది నా మొదటి అనుమానం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. మన దగ్గర రక్తస్రావం ఎక్కువైందన్న స్త్రీ మాటను పక్కన పెట్టడం ప్రమాదకరం అనేది ఇందుకే.

ఈ వారంలోనే పరకాల ప్రభుత్వ ఆసుపత్రిలో గానీ, మీ పీహెచ్‌సీ ద్వారా గానీ హిమోగ్లోబిన్‌తో సహా పూర్తి రక్తపరీక్ష, థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. ఆ తర్వాత హన్మకొండ ప్రసూతి ఆసుపత్రిలోనో వరంగల్ సీకేఎం ఆసుపత్రిలోనో గైనకాలజీ ఓపీలో చూపించుకుని, కడుపు స్కానింగ్ చేయించుకోండి. గర్భాశయ ముఖద్వారాన్ని కూడా పరీక్షించమని మీరే అడగండి. ఐరన్ మాత్రలు రాస్తే టీతో పాటు వేసుకోకండి, టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. గంటకో ప్యాడ్ చొప్పున వరుసగా రెండు మూడు గంటలు తడిసిపోతున్నా, కళ్లు తిరిగి పడిపోతున్నట్లున్నా ఓపీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. కలయిక తర్వాత రక్తం కనిపించినా, మీ ఇంట్లో పెద్దవారికి నెలసరి ఆగిపోయి ఏడాది దాటిన తర్వాత ఒక్క చుక్క కనిపించినా, ఏ టీకా మీదా నెట్టేయకుండా పరీక్ష చేయించాలి. అది క్యాన్సర్‌కు తొలి సూచన కావచ్చు.

గర్భసంచి తీయించుకోవడం గురించి గట్టిగానే చెబుతాను. దేశంలో ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన రెండు తెలుగు రాష్ట్రాలూ ముందు వరుసలో ఉన్నాయి, అదీ చాలా చిన్న వయసులో. ఒక చోట స్త్రీ చెప్పిన బాధ వినకుండా పంపించేస్తారు, ఇంకో చోట వినీ వినకముందే ఆపరేషన్ బల్ల ఎక్కిస్తారు. కారణం వెతికే ఓపిక ఇద్దరికీ లేదు. 39 ఏళ్లకు గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఎముకల బలహీనత, గుండె జబ్బులు ముందే పలకరిస్తాయి. రక్తస్రావం తగ్గించే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలు, హార్మోన్ మాత్రలు, గర్భసంచిలో అమర్చే హార్మోన్ సాధనం వంటి మార్గాలు ఎన్నో ఉన్నాయి. అవి పనిచేయనప్పుడు, లేదా పరీక్షల్లో తప్పనిసరి కారణం కనిపించినప్పుడు మాత్రమే ఆపరేషన్ మాట రావాలి.

మీ అమ్మాయికి వేయించమంటున్న ఆ క్యాన్సర్ టీకాను హెచ్‌పీవీ టీకా అంటారు, దాన్ని వేయించండి. మన దేశంలో ఏటా లక్షా 20 వేలకు పైగా స్త్రీలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ వస్తోంది, సుమారు 80 వేల మంది చనిపోతున్నారు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఇస్తే ఈ టీకా రక్షణ బాగా ఉంటుంది. ఈ టీకా తర్వాత దీర్ఘకాలిక నొప్పుల వంటి లక్షణాలు వస్తున్నాయన్న భయం జపాన్‌లోనూ తలెత్తింది, 2013లో అక్కడి ప్రభుత్వం ఈ టీకా వేయించుకోమని ముందుకొచ్చి సిఫారసు చేయడం ఆపేసింది. తర్వాత నగోయా నగరంలో దాదాపు 30 వేల మంది అమ్మాయిలను నెలసరి మార్పులతో సహా 24 లక్షణాల గురించి అడిగి, వేసుకున్నవారికీ వేసుకోనివారికీ పోల్చి చూస్తే, టీకా వల్ల అవి పెరిగినట్లు కనిపించలేదు. 2022లో సిఫారసును పునరుద్ధరించారు. అడిగి, లెక్కకట్టి, ఆ తర్వాత సంబంధం లేదని చెప్పడం అంటే ఇది. అలాంటి జవాబును నమ్మవచ్చు.

మన ప్రాంతంలో ఈ టీకా పేరెత్తితే పెద్దవాళ్లకు గుర్తొచ్చే సంగతి ఒకటుంది. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని భద్రాచలం తదితర మండలాల్లో సుమారు 14 వేల మంది అమ్మాయిలకు ఒక ప్రాజెక్టు కింద ఈ టీకా వేశారు. కొందరు చనిపోవడంతో 2010లో దాన్ని నిలిపివేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో తేలింది. కానీ హాస్టల్ పిల్లల తరఫున తల్లిదండ్రులకు బదులు వార్డెన్లే సంతకాలు పెట్టిన తీరును, దుష్ప్రభావాలను సరిగా నమోదు చేయకపోవడాన్ని పార్లమెంటరీ కమిటీ 2013లో తీవ్రంగా తప్పుపట్టింది. కాబట్టి వేయించే ముందు మీకున్న సందేహాలన్నీ అడగడం మీ హక్కు, సమాధానం వచ్చాకే సంతకం పెట్టండి.

టీకా రోజు నెలసరిలో ఉన్నా వేయించవచ్చు. సూది తర్వాత పావుగంట కూర్చోబెట్టండి, ఈ వయసు పిల్లలకు కళ్లు తిరగడం మామూలే. రజస్వల అయిన తొలి రెండు మూడేళ్లలో నెలసరి 21 రోజులకూ రావచ్చు, 45 రోజులకూ రావచ్చు. అందుకే ఇప్పటి నుంచే తేదీలను గోడ క్యాలెండర్ మీద గుర్తు పెట్టించండి. టీకా తర్వాత ఏదైనా తేడా కనిపిస్తే పోల్చి చూసుకోవడానికి ఆధారం మీ చేతిలో ఉంటుంది. అలాంటి తేడాను మీ ఏఎన్‌ఎంకు చెప్పి, టీకా అనంతర దుష్ప్రభావాల ఫారంలో రాయించండి. టీకా తర్వాత కనిపించిన ఏ అనారోగ్యమైనా, దానికి టీకాయే కారణమని రుజువు కాకపోయినా నమోదు చేయవచ్చని ఆ ఫారం నిబంధనే చెబుతోంది. సంబంధం ఉందో లేదో తేల్చడం తర్వాతి పని, ఆ కారణం చూపి రాసుకోకుండా ఉండటానికి వీల్లేదు. అక్కడ రాసుకోకపోతే ఔషధ దుష్ప్రభావాల జాతీయ ఉచిత నంబరు 1800-180-3024కు మీరే ఫోన్ చేసి చెప్పవచ్చు.

మీ హిమోగ్లోబిన్, థైరాయిడ్ ఫలితాలు, స్కానింగ్ రిపోర్టులో గర్భసంచి గురించి రాసిన వాక్యాలు, రోజుకు ఎన్ని ప్యాడ్‌లు మారుస్తున్నారో, ఏవైనా మందులు వాడుతున్నారో ఈ శీర్షికకు మళ్లీ రాయండి. వాటిని బట్టి చికిత్స గురించి వివరంగా చెబుతాను.