అలీతో టైసన్ తలపడితే: రాసేముందు

తమ్ముడూ,

బాక్సర్లు ముహమ్మద్ అలీ, మైక్ టైసన్ తలపడితే అలీ గెలుస్తాడని నీ వ్యాసంలో రాశావు, సరే. ఏ అలీ? ఏ టైసన్ మీద? అది తేల్చకపోతే పాఠకుడు తనకు నచ్చిన ఏడాది పట్టుకుని వాదనకు దిగుతాడు. నేనైతే 1966 నవంబరులో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడో రౌండ్లో ముగించిన అలీని, 1988 జూన్‌లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో పడగొట్టిన టైసన్‌ను తీసుకుంటాను.

నిబంధనలూ ముందే చెప్పు. అలీ కాలంలో టైటిల్ పోరు 15 రౌండ్లు, 1980ల్లో 12కి కుదించారు. రిఫరీని మరిచిపోకు. అలీ ఎడమచేత్తో ఎదుటివాడి మెడ వంచి పట్టేసేవాడు. చూసీచూడనట్టు వదిలేసే రిఫరీ అయితే టైసన్‌కు దగ్గరి నుంచి కొట్టే వీలే దొరకదు. 1987లో టైసన్‌తో పోరులో బోన్‌క్రషర్ స్మిత్ అలా పట్టుకుని వేలాడే 12 రౌండ్లూ నెట్టుకొచ్చాడు (ఓడాడనుకో).

చేతుల చాపు అలీది 78 అంగుళాలు, టైసన్‌ది 71. కొలతలకు ఆ ఒక్క వాక్యం చాలు.

అసలు కీలకం లెఫ్ట్ హుక్, అంటే ఎడమచేతిని వంచి పక్క నుంచి కొట్టే దెబ్బ. అలీ చేతులు దించి, తల వెనక్కి లాక్కుని దెబ్బ తప్పించుకుంటాడు. వీపుకు రింగు చుట్టూ ఉండే తాళ్లు తగిలాయా, తల లాగడానికి చోటుండదు. 1963లో వెంబ్లీలో హెన్రీ కూపర్ నాలుగో రౌండ్ చివర లెఫ్ట్ హుక్‌తో అలీని అక్కడే పడగొట్టాడు. 1971లో జో ఫ్రేజియర్ పడగొట్టిందీ ఆ హుక్‌తోనే, 15వ రౌండ్లో. ఫ్రేజియర్ వేడెక్కడానికి సమయం పట్టేది. టైసన్ మొదటి రౌండ్ గంట మోగగానే మీద పడతాడు, పైగా కుడిచేత్తో పక్కటెముకల మీద కొట్టి, అదే చేత్తో గడ్డం కిందకు అప్పర్‌కట్ తెస్తాడు. ఈ జంట దెబ్బకు అలీ ఏం చేస్తాడో రాయని వ్యాసం సగం వ్యాసమే.

1990 టోక్యోలో బస్టర్ డగ్లస్ జాబ్‌తో (ముందున్న చేతిని తిన్నగా చాచి కొట్టే దెబ్బతో) టైసన్‌ను ఓడించాడు కాబట్టి అలీ కూడా ఓడిస్తాడని అందరూ రాస్తారు. అంత తేలిక కాదు. అప్పటికే ట్రైనర్ కెవిన్ రూనీని టైసన్ తీసేశాడు. వాచిన కంటిమీద అదిమే ఇనుప పనిముట్టు కూడా టైసన్ కార్నర్‌లో (రౌండ్ల మధ్య అతను కూర్చునే మూలలో) లేక, ఐసునీళ్లు నింపిన రబ్బరు గ్లవ్ పెట్టారు. పొడుగు చేతుల జాబ్ టైసన్‌కు తగులుతుందనడానికి ఆ పోరు సాక్ష్యం. 1988 టైసన్‌కూ అంతే తగులుతుందనడానికి కాదు.

కంప్యూటర్ తేల్చిందని మాత్రం రాయకు. 1970లో అలీ, పాత చాంపియన్ రాకీ మార్సియానోల కంప్యూటర్ పోరును సినిమాగా చూపిస్తే అమెరికాలో మార్సియానో గెలిచాడు, యూరప్‌లో అలీ గెలిచాడు.

నా లెక్క ఇది: 15 రౌండ్ల పోరు. నాలుగు రౌండ్లలోపు అలీ ఒకసారి పడి లేస్తాడు. ఆరు దాటాక టైసన్ తల ఊపడం తగ్గి జాబ్‌లు తగలడం మొదలవుతాయి. పదకొండులో రిఫరీ ఆపేస్తాడు, అలీదే గెలుపు. నువ్వు టైసన్ వైపు మారినా నాకు పేచీ లేదు. కాకపోతే ఎన్నో రౌండ్లో, ఏ చేత్తో, అలీ తాళ్లకు ఎంత దూరంలో ఉండగా కొట్టాడో రాసి పంపు.