.223 బ్యారెల్‌కి 1:12 ట్విస్టా, 1:9 ఆ? ముందు తూటా తేల్చుకోండి

మీరు ఆగస్టులో హైదరాబాద్ నుంచి అమెరికాలోని కాన్సస్ వెళ్తున్నారు. అక్కడ మీ బావగారికి తెలిసినవాళ్ల పశువుల రాంచ్‌లో ప్రెయిరీ డాగ్‌లను కొట్టడానికి రైఫిల్ కొనాలి. .223 కొనాలా, .22-250 కొనాలా (రెండూ తూటా సైజుల పేర్లు), బ్యారెల్ ట్విస్ట్ ఎంత ఉండాలి అని కదా మీ ప్రశ్న. ట్విస్ట్ అంటే బ్యారెల్ లోపలి మెలిక గాడులు తూటాని తిప్పే లెక్క, 1:12 అంటే 12 అంగుళాలకు ఒక చుట్టు. నేను పదకొండేళ్లు పశ్చిమ కాన్సస్‌లో ఉండి, మళ్లీ మియాపూర్ వచ్చి పడ్డాను. డబ్బు తగలేసి నేర్చుకున్నదే చెబుతున్నా.

పేరులో డాగ్ ఉంది గానీ అది కుక్క కాదు, ఉడుతల జాతి. బొరియ దగ్గర నిలబడితే జానెడున్నర ఎత్తు, నాలుగు వేళ్ల వెడల్పు. దాన్ని 200 గజాల నుంచి కొట్టాలి. అక్కడి గాలి సంగతి వెళ్లాక మీకే తెలుస్తుంది, టోపీ నిలవదు.

నా మొదటి రైఫిల్ సెకండ్‌హ్యాండ్ .223, బోల్ట్ యాక్షన్. బరువైన తూటా గాలికి తక్కువ పక్కకు పోతుందని ఎక్కడో చదివి 75 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) తూటాలు నాలుగు పెట్టెలు కొనేశాను. (పాత లెక్కలో తులం అంటే 180 గ్రెయిన్లు. ఆ లెక్కన 55 గ్రెయిన్ల తూటా తులంలో మూడో వంతు కూడా ఉండదు.) 100 గజాల దగ్గర కాగితం మీద గుండ్రటి రంధ్రాలకు బదులు పొడుగాటి చీలికలు పడ్డాయి. అదీ పళ్లెమంత వెడల్పున, చెల్లాచెదురుగా. స్కోప్ మీద అనుమానం వచ్చింది. స్కోప్‌ని పట్టి ఉంచే మౌంట్లు మార్చాను, స్కోప్ మార్చాను, రెండు వారాంతాలు పోయాయి. చివరికి పక్క బెంచీ పెద్దాయన నా కాగితం చూసి నవ్వి, క్లీనింగ్ రాడ్‌కి గట్టిగా గుడ్డ చుట్టి బ్యారెల్‌లోకి తోశాడు. రాడ్ మీద పెట్టిన గీత ఒక పూర్తి చుట్టు తిరిగేసరికి రాడ్ 12 అంగుళాలు లోపలికి వెళ్లింది. అంటే 1:12 ట్విస్ట్. నా తూటాలు అడ్డంగా పల్టీలు కొడుతూ వెళ్లి కాగితానికి తగులుతున్నాయన్నమాట.

బొంగరం తిప్పినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. పొట్టి బొంగరం కాస్త తిప్పినా నిలబడుతుంది, సన్నగా పొడుగ్గా ఉన్నదైతే గట్టిగా తిప్పాలి. ఇక్కడ చూడాల్సింది తూటా పొడవు. పెట్టె మీద బరువే వేస్తారు కాబట్టి అందరం బరువుతో లెక్క కడతాం. అందుకే సీసం లేని రాగి తూటాలతో మోసపోతాం, అదే బరువుకి అవి ఇంకా పొడుగ్గా ఉంటాయి. 1879లో గ్రీన్‌హిల్ అనే ఇంగ్లిష్ గణితజ్ఞుడు ఇచ్చిన సూత్రం ఒకటుంది. తూటా వ్యాసం వర్గాన్ని 150తో గుణించి పొడవుతో భాగించాలి, అన్నీ అంగుళాల్లో. వేగం సెకనుకు 2,800 అడుగులు దాటితే 150 బదులు 180 వేస్తారు. .223లో తూటా అసలు వ్యాసం .224. ముప్పావు అంగుళం ఉండే 55 గ్రెయిన్ల తూటాకి 180తో లెక్క కడితే 12 వస్తుంది. అంగుళం పొడవున్న 75 గ్రెయిన్లకి 9. నా తప్పు మొత్తం ఆ రెండు అంకెల మధ్యే ఉంది.

అలాగని ట్విస్ట్ ఎంత బిగిస్తే, అంటే రెండో అంకె ఎంత తగ్గిస్తే, అంత మంచిదీ కాదు. మా ఆఫీసు మిత్రుడు 1:7 బ్యారెల్‌లో పల్చటి తొడుగున్న 40 గ్రెయిన్ల తూటాలు కాల్చేవాడు. అప్పుడప్పుడు గాల్లో బూడిదరంగు పొగ గీత కనిపించేది, కాగితం మీద ఏమీ పడేది కాదు. వేగాన్ని 720తో గుణించి ట్విస్ట్‌తో భాగిస్తే నిమిషానికి ఎన్ని చుట్లో వస్తుంది. 3,200 అడుగుల వేగానికి 1:9లో 2,56,000 చుట్లు, 1:7లో 3,29,000 పైనే. 40 గ్రెయిన్లు ఇంకా వేగంగా పోతుంది. ఆ తిప్పుడికి పల్చటి తొడుగు దారిలోనే చిట్లిపోతుంది.

ఇక కార్ట్రిడ్జ్ (తూటా, మందుగుండు కలిసిన గుండు) సంగతి. .22-250 గొప్పదే, 300 గజాలు దాటాక దాని విలువ తెలుస్తుంది. కానీ .223 దాదాపు 25 గ్రెయిన్ల మందుగుండుతో చేసే పనికి అది 35 పైనే తింటుంది. ప్రెయిరీ డాగ్‌ల దగ్గర ఒక్క పూటలో వంద తూటాలు మామూలు. బ్యారెల్ కాలిపోతుంది, గొంతు (గాడులు మొదలయ్యే చోటు) త్వరగా అరిగిపోతుంది, జేబు సంగతి సరేసరి. .204 రూగర్ అనే ఇంకా సన్న కార్ట్రిడ్జ్ నాకు ముద్దు. వెనక్కి తన్నడం తక్కువ, తూటా తగలడం స్కోప్‌లోనే చూడొచ్చు. అయితే చిన్న ఊరి దుకాణంలో .223 దొరికినంత తేలిగ్గా అది దొరకదు. .17 హెచ్‌ఎంఆర్ అనే చిన్న కార్ట్రిడ్జ్ 150 గజాల లోపు హాయిగా ఉంటుంది, 200 దగ్గర గాలి దాన్ని అడుగు దాటి పక్కకు నెట్టేస్తుంది.

కాబట్టి మీకు నా సలహా .223, 1:9 ట్విస్ట్, 50 లేదా 55 గ్రెయిన్ల వార్మింట్ తూటాలు (చిన్న జంతువుల కోసం, తగలగానే చిట్లిపోయేవి). రేపు 69 గ్రెయిన్లు ప్రయత్నించాలనిపించినా చాలా 1:9 బ్యారెళ్లు తట్టుకుంటాయి. 75కి పైన కావాలంటే మొదటే 1:8 తీసుకోండి. దుకాణంవాడి మాట వినండి, కానీ బ్యారెల్ మీద చెక్కిన అంకె చూడండి. అంకె లేకపోతే రాడ్ పెట్టి చూపించమనండి.

దీనికన్నా ముఖ్యమైనది ఒకటుంది బ్రదర్. హెచ్1బి, ఎఫ్1 లాంటి వీసా మీద ఉన్నవాళ్లు అక్కడ తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. గడువులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. ముందు లైసెన్స్, తర్వాతే దుకాణం. బావగారి రైఫిల్ అయినా సరే.

వికారాబాద్ వైపు అడవిపందుల గురించి చివర్లో అడిగారు. ఆ ఆలోచన మానుకోండి. ఇక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, అధికారిక అనుమతి లేకుండా కొడితే కేసే. పైగా చిట్లిపోయే వార్మింట్ తూటా పంది మీద వేస్తే పైపైన గాయం చేసి హింసపెడుతుంది. నా రైఫిల్ కాన్సస్‌లోనే అమ్మేసి వచ్చాను. ఇప్పుడు గచ్చిబౌలిలో, సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలోని రేంజ్‌లో .22 రైఫిల్‌తో 50 మీటర్ల దూరంలోని కాగితాలు కాలుస్తుంటాను. దాని బ్యారెల్ 1:16, పొట్టి తూటాకి అది చాలు.